రుక్మణీదేవి: సింహళ వెండితెర తొలి తార

సింహళ చలనచిత్ర చరిత్రను తలచినపుడు మేము ముందుగా స్మరించు పేరు రుక్మణీదేవి. ఆమె 1923 జనవరి 15న లంకలోని రంబొడలో, తమిళ క్రైస్తవ కుటుంబంలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు డైసీ రసమ్మ డేనియల్స్. బాల్యంలోనే సింహళ నాటకంలో సీత పాత్ర ధరించి ప్రేక్షకుల మెప్పు పొందారు. తరువాత జయమాన్నె సోదరుల మినర్వా నాటక సమాజంలో చేరి, వారిలో ఒకరైన ఎడ్డీ జయమాన్నెను వివాహమాడారు.

ఆ సమాజపు నాటకమే తొలి సింహళ టాకీ ‘కడవును పొరొందువ’ అయినది. దానిని నిర్మించినది దక్షిణ భారతమున, నిర్మాత ఎస్.ఎం. నాయగం అను తమిళుడు. 1947లో కొలంబోలో విడుదలైన ఆ చిత్రంతో నాయికగా, గాయనిగా ఆమె ఇంటింటి పేరైనారు.

1956లో సింహళమే అధికార భాషయైనది. 1958లో తమిళులపై ఘోరమైన దాడులు జరిగినవి. ఆ దేశముననే సింహళ ప్రజలు ఆమె గానమును తమదిగా ప్రేమించారు. అయినను కీర్తి ఆమెకు విశ్రాంతి నీయలేదు. చివరి ఏండ్లలో జీవనోపాధికై ఊరూరా సంగీత వేదికలపై పాడవలసివచ్చినది. 1978 అక్టోబరు 28న అట్టి కచేరీ ముగించుకొని వచ్చుచు కారు ప్రమాదంలో మరణించారు.

కళకు కులమతభాషల సరిహద్దులు లేవని వేదికలపై పలుకుట సులభము. కళాకారిణి వృద్ధాప్యమునకు ఆసరా నిచ్చుటయే సమాజమునకు అసలైన పరీక్ష అని మా విశ్వాసము.