విజ్జీ పులులు, విజ్జీ పరుగులు

సావనీర్ కమిటీ మిత్రులు ఆటల మీద ఏదైనా రాయమన్నారు. మన బడి ఆటలంటే అందరికీ కబడ్డీ, ఖోఖో గుర్తొస్తాయి. కానీ లాంగ్ బెల్ కొట్టాక జక్రాన్‌పల్లిలో చెరుకు బండ్లు పోయే బాట పక్కన, కోత అయిపోయిన పొలంలో మేం ఆడింది క్రికెట్. దానికి ఒకటే రూలు. బ్యాటు ఎవరిదో వాడే కెప్టెన్. వాడు ఔటైనా ఔట్ కానట్టే. గట్టిగా అడిగితే బ్యాటు చంకన పెట్టుకుని ఇంటికి పోయేవాడు.

ఇదే రూలును భారత జట్టులో నడిపిన తెలుగాయన ఒకరున్నారు. గెలిచినవాళ్ళ గురించి ఎలాగూ చాలామంది రాస్తారు కాబట్టి నేను ఆయనను ఎంచుకున్నాను.

పూసపాటి విజయ ఆనంద గజపతిరాజు 1905 డిసెంబరు 28న విజయనగరంలో పుట్టారు. క్రికెట్ లోకానికి ఆయన విజ్జీ. విజయనగరం రాజుగారి రెండో కొడుకు. 1922లో తండ్రి పోయాక గద్దె అన్నగారికి దక్కింది, ఈయన మహారాజ్‌కుమార్‌గానే మిగిలారు. అజ్మీర్‌లోని మేయో కాలేజీలో, ఆ తర్వాత ఇంగ్లండ్‌లో చదివి, కాశీలో ఉన్న కుటుంబ ఎస్టేట్‌కు మకాం మార్చారు. డబ్బుంది, తీరిక ఉంది, పరిపాలించడానికి రాజ్యం మాత్రం లేదు. టెన్నిస్, క్రికెట్, వేట, ఈ మూడూ ఆయనకు రాజ్యమయ్యాయి.

వేట అన్నాను కదా, అక్కడ కాస్త ఆగాలి. మా చిన్నప్పుడు పెద్దపులిని చూసిన తాత లేని ఇల్లు మా వాడలో లేదు. సిర్నాపల్లి అడవిలో ఒకరికి వాగు దగ్గర కనిపించింది, ఇంకొకరికి ఎడ్లబండికి అడ్డంగా పడుకుని కనిపించింది. చెప్పిన ప్రతిసారీ దాని పొడవు మూరెడు పెరిగేది. కథలో పులి ఉండేది గాని, పులిని కొలిచినవాడు ఉండేవాడు కాదు. విజ్జీ తాను మూడు వందలకు పైగా పులులను కొట్టానని చెప్పుకునేవారట. ఆ కాలపు రాజుల వేట ఎలా సాగేదో పెద్దలకు తెలిసిందే. వందలమంది డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ అడవిని మూడు వైపులా మూసుకుంటూ వస్తారు. నాలుగో వైపున మంచె, మంచె మీద దొర. పులి నేరుగా తుపాకీ ముందుకే వస్తుంది. లెక్క ఎంతంటే దొర చెప్పినంత, ఎందుకంటే అడవిలో స్కోరర్ ఉండడు.

క్రికెట్‌లో ఉంటాడు. విజ్జీకి చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆయన పెట్టిన ఖర్చును మాత్రం తక్కువ చేయకూడదు. 1926లో సొంత జట్టు కట్టారు, కోట ఆవరణలోనే మైదానం వేయించారు. శాసనోల్లంఘన ఉద్యమం మూలంగా 1930-31లో ఎంసీసీ జట్టు పర్యటన రద్దయితే, తానే ఒక జట్టును పోగుచేసి భారతదేశమూ సిలోనూ తిప్పారు. అందులో ఆడినవాళ్ళు జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్. అప్పటికి ప్రపంచంలో అంతకు మించిన ఓపెనింగ్ జోడీ లేదు. హాబ్స్ జీవితకాలపు సెంచరీలు 197 అని కొన్ని పుస్తకాల్లో, 199 అని కొన్నింటిలో కనిపిస్తాయి. ఆ రెండింటి తేడా విజ్జీ జట్టు కోసం కొట్టినవే. బడి వయసులో ఉన్న ముష్తాక్ అలీని కాశీకి పిలిపించి శిక్షణ ఇప్పించిందీ ఆయనే. ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లా మైదానంలో వైస్రాయ్ విల్లింగ్డన్ పేర పెవిలియన్ కట్టించారు. జాతీయ టోర్నమెంటుకు కూడా విల్లింగ్డన్ పేరుతో బంగారు ట్రోఫీ ఇవ్వబోయారు గాని, పటియాలా మహారాజు ముందుపడి దానికి రంజీ పేరు పెట్టించారు. ఈ దానాలన్నీ ఎటువైపు చూస్తున్నాయో కనిపెట్టడానికి జ్యోతిషం అక్కర్లేదు.

1932లో మన జట్టు మొదటిసారి టెస్టు ఆడడానికి ఇంగ్లండ్ వెళ్ళింది. కెప్టెన్ పోర్‌బందర్ మహారాజు. ఆయనకు ఆట పెద్దగా రాదు, ఆ సంగతి ఆయనకే బాగా తెలుసు. లార్డ్స్‌లో టెస్టు రోజున పక్కకు తప్పుకుని సి.కె. నాయుడికి జట్టును అప్పగించారు. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగువారి బిడ్డ భారత తొలి టెస్టు కెప్టెన్ అయ్యాడు. పోర్‌బందర్ మహారాజు ఆడిన పరుగులు ఎవరికీ గుర్తులేవు. ఆ ఒక్క పని చాలు అనిపిస్తుంది నాకు.

1936లో ఇంగ్లండ్ వెళ్ళిన జట్టుకు విజ్జీ కెప్టెన్. ఆయన తప్పుకోలేదు.

ఆ జట్టులో లాలా అమర్‌నాథ్ ఉన్నాడు. 1933లో బొంబాయిలో భారతదేశానికి మొదటి టెస్టు సెంచరీ కొట్టినవాడు. ఆ పర్యటనలో పరుగులూ వికెట్లూ రెండూ తెచ్చిపెడుతున్నాడు. మొదటి టెస్టుకు ముందు మైనర్ కౌంటీస్ జట్టుతో మ్యాచ్. అమర్‌నాథ్ ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నాడు. అతని కన్నా ముందు ఒకరి తర్వాత ఒకరిని పంపుతూ పోయారు. ఆ రోజు ఆట కొద్ది నిమిషాల్లో ముగుస్తుందనగా అతని వంతు వచ్చింది. తిరిగి వచ్చి సామాను విసిరికొట్టి, పంజాబీలో నాలుగు మాటలు అన్నాడు. కెప్టెన్, మేనేజరు కలిసి అతణ్ణి ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు.

ఆ తర్వాత జరిగిన లార్డ్స్ టెస్టులో మన జట్టు 147కు ఔటైంది. అమర్‌సింగ్ 35 పరుగులకు 6 వికెట్లు తీసి ఇంగ్లండ్‌ను 134కే కట్టేశాడు. 13 పరుగుల ఆధిక్యం మనదే! రెండో ఇన్నింగ్స్‌లో 93కే కుప్పకూలి, 9 వికెట్ల తేడాతో ఓడిపోయాం. అమర్‌నాథ్ అప్పటికి సముద్రం మీద ఉన్నాడు.

మాంచెస్టర్ టెస్టు కథ అందరికీ ఇష్టం. విజయ్ మర్చంట్‌ను రనౌట్ చేయించమని విజ్జీ ముష్తాక్ అలీకి చెప్పారట. ముష్తాక్ ఆ మాటను నేరుగా మర్చంట్‌కే చెప్పి నవ్వాడట. ఇద్దరూ కలిసి మొదటి వికెట్‌కు 203 పరుగులు చేశారు, ఇద్దరివీ సెంచరీలే. విదేశీ గడ్డ మీద భారత జట్టు తరఫున తొలి టెస్టు సెంచరీ ముష్తాక్‌దే. అదే మ్యాచ్‌లో మద్రాసు తెలుగువాడు కోటా రామస్వామి నలభై ఏళ్ళు నిండాక తొలి టెస్టు ఆడి 40, 60 చేశాడు. టెస్టు డ్రా అయింది. ఓవల్‌లో మళ్ళీ 9 వికెట్ల ఓటమి. అక్కడ ఛాతీకి బంతి తగిలినా నిలబడి సి.కె. 81 కొట్టాడు. ఆ టెస్టులో జిలానీ అనే బౌలర్‌కు చోటు దక్కింది పొద్దున ఫలహారం దగ్గర సి.కె.ను అవమానించినందుకేనని చెప్పుకుంటారు. అది ఎంత నిజమో గాని, అలాంటి మాట పుట్టిందంటేనే ఆ డ్రెస్సింగ్ రూమ్ ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

మూడు టెస్టుల్లో ఆరు ఇన్నింగ్స్ ఆడి విజ్జీ చేసిన పరుగులు 33. సగటు 8.25. కౌంటీ మ్యాచ్‌లో కాస్త సులువైన బంతులు వేయడానికి ఎదుటి కెప్టెన్‌కు బంగారు గడియారం ఇచ్చారన్న కథ కూడా ఉంది. ఇస్తే ఇచ్చి ఉండవచ్చు, టెస్టు బౌలర్లకు మాత్రం గడియారాలు చాలినట్టు లేదు. అదే పర్యటనలో ఆయనకు నైట్ బిరుదు వచ్చింది.

తిరిగొచ్చాక అమర్‌నాథ్ వ్యవహారంపై విచారణ జరిగింది. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ అధ్యక్షత వహించారు. ఉద్యోగంలో నేను చాలా విచారణ నివేదికలు చదివాను. కల్వర్టు కూలితే తప్పంతా వానదేనని తేల్చేవే ఎక్కువ. 1937 జనవరిలో వచ్చిన ఈ నివేదిక అలాంటిది కాదు. అమర్‌నాథ్ తప్పు లేదంది. కెప్టెన్‌కు ఫీల్డర్లను ఎక్కడ నిలబెట్టాలో, బౌలర్లను ఎప్పుడు మార్చాలో తెలియలేదని, బ్యాటింగ్ ఆర్డర్ ఒక పద్ధతిలో లేదని చెప్పింది. ఆ అమర్‌నాథే 1947-48లో ఆస్ట్రేలియా వెళ్ళిన జట్టుకు, స్వతంత్ర భారతానికి, తొలి కెప్టెన్ అయ్యాడు.

ఇక్కడితో ఆపేస్తే విజ్జీకి అన్యాయం చేసినట్టే. 1947లో ఆయన నైట్ బిరుదును వదులుకున్నారు. మళ్ళీ బ్యాటు పట్టి పరువు తెచ్చుకోవాలని చూడలేదు, ఆట పనులు చూసుకున్నారు. 1954 నుంచి 56 వరకు క్రికెట్ బోర్డు అధ్యక్షుడిగా ఉన్నారు. ఉత్తరప్రదేశ్ క్రికెట్ సంఘాన్నీ నడిపారు. 1956-57లో ఆ రాష్ట్రం రంజీ జట్టుకు కెప్టెన్ కావాల్సి వస్తే ఆయన పిలిచింది ఎవరిననుకున్నారు? సి.కె. నాయుడిని! అప్పటికి సి.కె. వయసు 61 ఏళ్ళు. ఇరవై ఏళ్ళ కింద ఒకే జట్టులో ఎడమొహం పెడమొహంగా తిరిగినవాళ్ళు. ఆ సీజన్‌లో తన ఆఖరి రంజీ మ్యాచ్‌లో సి.కె. 52 కొట్టాడు. విజ్జీ జీవితంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ పిలుపే.

1958లో పద్మభూషణ్ వచ్చింది. విశాఖపట్నం నుంచి లోక్‌సభకూ వెళ్ళారు. రేడియోలో క్రికెట్ వ్యాఖ్యానం చెప్పేవారు, అందులో ఆట కన్నా పాత ముచ్చట్లే ఎక్కువని విన్నవాళ్ళ ఫిర్యాదు. ఒకసారి వెస్టిండీస్ బ్యాట్స్‌మన్ రోహన్ కన్హాయ్‌కి తన పులి వేటలు వర్ణిస్తున్నారట. కన్హాయ్ అమాయకంగా మొహం పెట్టి, మీరు తుపాకీ వాడతారనుకోలేదు, అడవిలో ట్రాన్సిస్టర్ పెట్టి మీ కామెంటరీ వినిపిస్తే పులులు విసుగుతో చచ్చిపోతాయేమో అనుకున్నాను అన్నాడట.

1965 డిసెంబరు 2న విజ్జీ కాశీలో కన్నుమూశారు. మరుసటి ఏడాది, 1966-67 సీజన్ నుంచి, విశ్వవిద్యాలయాల జోన్ జట్లకు ఆయన పేరుతో ఒక టోర్నమెంటు మొదలైంది. నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో పేపరు ఆటల పేజీలో విజ్జీ ట్రోఫీ స్కోర్లు పడుతుండేవి. చిన్న అక్షరాల్లో, కుర్రాళ్ళ పేర్లు, పక్కన పరుగులు.