పాటకు అచ్చుబాట వేసిన చిన్నస్వామి ముదలియారు

బెంగుళూరులో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు ఎందరో సంగీతం నేర్చుకొంటున్నారు. వారు పాడే కృతులలో అధికభాగం తెలుగే. అయితే ఆ సాహిత్యాన్ని కన్నడ లిపిలోనో, ఇంగ్లీషు అక్షరాలలోనో వ్రాసుకొని పాడేవారు వారిలో కొల్లలు. అందుకు మనం నొచ్చుకొనే ముందు ఒక మహనీయుని చరిత్ర తెలుసుకొనడం మంచిది.

ఆయన ఏ.ఎం. చిన్నస్వామి ముదలియారు. తమిళుడు, క్రైస్తవుడు, ఎం.ఏ. పట్టభద్రుడు. మద్రాసు ప్రభుత్వ సచివాలయంలో సూపరింటెండెంటు ఉద్యోగం చేశారు. పాశ్చాత్య సంగీతం తెలిసిన ఆయన మనసు కర్ణాటక సంగీతంమీద, అందులోను త్యాగరాజ కృతులమీద నిలిచింది.

త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు. అటుపిమ్మట ఆయన కృతులకు ప్రధానంగా శిష్యుల కంఠాలు, తాళపత్రాలే ఆధారం. వృద్ధ విద్వాంసుడొకరు కన్నుమూస్తే, ఆయనకు మాత్రమే వచ్చిన పాటలు ఆయనతోనే పోయేవి. అచ్చువేయడమొక్కటే దీనికి మందని ముదలియారు గారు తలచారు. సంగీత పత్రికలు పాశ్చాత్యులకు అప్పటికి కొత్త కాదు. లండనులో 1844లో పుట్టిన మ్యూజికల్ టైమ్స్ బృందగానాలను స్వరలిపితో ముద్రించి సామాన్య గృహాలకు చేర్చింది.

1892–93 ప్రాంతంలో మద్రాసు పుదుపేటలోని ఆవే మరియా ముద్రణాలయం నుండి ఆయన 'ఓరియంటల్ మ్యూజిక్ ఇన్ యూరోపియన్ నొటేషన్' అనే మాసపత్రికను వెలువరించారు. అయిదు గీతలమీద చుక్కలుంచి స్వరస్థానాన్ని, కాలప్రమాణాన్ని తెలిపే పాశ్చాత్య లిపిలో మన కృతులను అందులో పొందుపరచారు. ఆ లిపి వచ్చినవారు ఏ దేశంలోనైనా వాటిని వాయించగలరని ఆయన ఆశ. గమకాలను ఆ చుక్కలలో పట్టడం మాత్రం కష్టసాధ్యమే.

పాటల కోసం ఆయన త్యాగరాజస్వామి శిష్యుడు వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ కుమారుడైన కృష్ణస్వామి భాగవతార్‌ను ఆశ్రయించారు. మనం మద్రాసుకు పోయే దారిలోనిదే ఆ వాలాజాపేట. ఆ భాగవతార్ల మాతృభాష సౌరాష్ట్రం. తెలుగు పాటను సౌరాష్ట్రుడు పాడగా తమిళుడు ఐరోపా లిపిలో వ్రాశాడన్నమాట!

ఆ పత్రికకు చాలినంత ఆదరణ లభించలేదు. ముద్రణకు ధనం కరిగింది, ఆయన కంటిచూపు కూడ క్షీణించింది. అయినా పట్టు విడువలేదు. ముత్తుస్వామి దీక్షితుల వంశీయుడు సుబ్బరామ దీక్షితుల వద్ద అపారమైన సంగీతనిధి ఉన్నదని ఎరిగి, 1899లో ఎట్టయపురం సంస్థానాధిపతిని కలిసి, దానిని అచ్చువేయించవలసినదిగా కోరారు. ప్రభువు సమ్మతించారు. ముదలియారు గారు 1901లో మరణించారు. 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' వెలువడింది. తమిళనాడు నడిబొడ్డున, తెలుగు లిపిలో అచ్చయిన ఆ ఉద్గ్రంథాన్ని ఆయన చూడలేకపోయారు.

తరువాత సంగీత పత్రికలకు దారి విశాలమైంది. 1930లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ తన పత్రికను ప్రారంభించింది. 1983లో 'శ్రుతి' వచ్చింది. తొలినాటి చందాలేని దారిలో నడిచినవారిని ఈ పత్రికలు చదివేవారు మరువరాదు.

కనుక పాట పరాయి లిపిలో ఉన్నంత మాత్రాన మనం దిగులుపడనక్కరలేదు. ఆ లిపులే దానిని కాపాడాయి. కాని పాటలోని మాటకు అర్థం చెప్పవలసిన బాధ్యత ఆ మాటను ఇంట మాట్లాడే మనదే. భాష తనది కాకపోయినా ఒకాయన తన చూపును, సొమ్మును ధారపోశారు. మనం ధారపోయవలసినది వారానికి ఒక గంట. ఈ ఉగాది నుండి మన పిల్లలు పాడే కృతులను వారిచేతనే తెలుగు అక్షరాలలో వ్రాయించి, మాటమాటకు అర్థం చెబుదాం. ముదలియారు గారి ఋణం తీర్చుకొనడానికి మనకు ఇంతకంటె సులభమైన మార్గం లేదు.