ఋణము, రాజ్యము, రైలుబండి: మొదటి సాలార్ జంగ్ జీవితము

హైదరాబాదు నగరంలో సాలార్ జంగ్ పేరు విననివారు ఉండరు. అయితే ఆ పేరు చెవిని పడగానే మనకు స్ఫురించేది మూసీ ఒడ్డునగల మ్యూజియం. అందలి వస్తుసంపదలో అధికభాగాన్ని సేకరించినవారు మూడవ సాలార్ జంగ్. ఆయన పితామహుడైన మొదటి సాలార్ జంగ్, అనగా మీర్ తురాబ్ అలీ ఖాన్, 1853 నుండి 1883 వరకు ముప్పది సంవత్సరాలు హైదరాబాదు రాజ్యానికి దివానుగా పనిచేశారు. ఆయన వదలి వెళ్ళిన వారసత్వం గాజు బీరువాలలో ఇమిడేది కాదు. అప్పు ఇచ్చినవానికి రాజ్యం మీద ఎంతవరకు హక్కు ఉంటుంది అన్న ప్రశ్నతో ఆయన జీవితమంతా పెనుగులాడారు. ఆ జీవితాన్ని ఈ ఒక్క ప్రశ్న వెంట పరిశీలించడమే మా ఉద్దేశం.

ఆయన జన్మించిన 1829వ సంవత్సరానికి పూర్వమే రాజ్యం అప్పులలో కూరుకుపోయి ఉన్నది. ఐరోపావారు స్వదేశ సంస్థానాధీశులకు అనుమతి లేనిదే అప్పులు ఇవ్వరాదని 1797లో ఆంగ్ల పార్లమెంటు శాసనం చేసింది. అయినను 1816లో గవర్నరు జనరల్ హేస్టింగ్స్ ప్రభువు హైదరాబాదులోని విలియం పామర్ కంపెనీకి ఆ శాసనం నుండి మినహాయింపు ఇచ్చారు. ఆ కంపెనీ భాగస్వాములలో ఒకరు ఆయన కుటుంబానికి ఆప్తులు. కంపెనీ సాలుకు సుమారు 25 శాతం వడ్డీకి నిజాం ప్రభుత్వానికి లక్షలకొలది రూపాయలు అప్పు ఇచ్చింది. రెసిడెంటు మెట్కాఫ్ ఈ వ్యవహారాన్ని బయటపెట్టిన పిదప ఆ అప్పు తీర్చడానికి నిజాం 1823లో ఉత్తర సర్కారుల నుండి ఏటేటా రావలసిన ఏడు లక్షల పేష్కష్‌ను శాశ్వతంగా వదులుకొన్నారు. కోస్తా తెలుగు జిల్లాల మీద హైదరాబాదుకు మిగిలియున్న చివరి రాబడి ఆ విధంగా వడ్డీవ్యాపారుల ఖాతాలో కరిగిపోయింది.

మీర్ తురాబ్ అలీ ఖాన్ దివానుల వంశంలో పుట్టారు. తండ్రి చిన్ననాడే గతించగా పినతండ్రి సిరాజుల్ముల్క్ అండలో పెరిగారు. ఇరవై ఏళ్ళు నిండకముందే తెలంగాణలోని కొన్ని తాలూకాల పాలన కొన్ని నెలలపాటు ఆయన చేతికి వచ్చింది. రైతు చెల్లించిన రూపాయి ఖజానా చేరేలోపల ఎన్ని చేతులు మారుతుందో గ్రహించడానికి ఆ అనుభవం ఆయనకు తోడ్పడి ఉంటుందని మేము భావిస్తాము.

1853 మే నెలలో రాజ్యానికి గొప్ప నష్టం వాటిల్లింది. కంటింజెంటు దళం జీతాల బాకీ పేరిట బేరారు, రాయచూరు దోఆబు, ధారాశివ్ ప్రాంతాలను నిజాం ప్రభుత్వం ఈస్టిండియా కంపెనీకి అప్పగించవలసి వచ్చింది. ఒడంబడిక జరిగిన కొద్దిరోజులకే సిరాజుల్ముల్క్ మరణించగా, ఇరవైనాలుగేళ్ళ యువకుడు దివాను పదవి స్వీకరించారు. ఖజానా శూన్యం. తాలూకాల శిస్తు వసూలు సాహుకార్లకు, అరబ్బు జమేదార్లకు తాకట్టుపడి ఉన్నది. అప్పిచ్చినవాడే శిస్తు వసూలు చేసుకొనేవాడు. వాని కంటికి గ్రామం వడ్డీ రాలే చెట్టు మాత్రమే. చెరువు గండి పూడ్చడం, బాటసారికి రక్షణ కల్పించడం, రైతు మొర ఆలకించడం అతని లెక్కలో చేరవు.

సాలార్ జంగ్ ఈ ముడిని ఖడ్గంతో ఖండించలేదు, నేర్పుతో విప్పారు. ఋణదాతలను ఒక్కసారిగా ధిక్కరించక, లెక్కలు తేల్చి, వాయిదాలు నిర్ణయించి, తాకట్టులోని తాలూకాలను క్రమక్రమంగా విడిపించుకొన్నారు. వసూలులో వాటా పుచ్చుకొనే గుత్తదార్లకు బదులు నిర్ణీత వేతనం గల తాలూక్‌దార్లను నియమించారు. 1865లో జిలాబందీ అమలుచేసి రాజ్యాన్ని జిల్లాలుగా విభజించారు. న్యాయస్థానాలు, పోలీసు, తపాలా, విద్య మొదలగు శాఖలకు రూపం కల్పించారు. నానా టంకసాలల నాసిరకపు నాణేలు చెలామణిలో ఉండి సరాఫులకు లాభం, సామాన్యులకు నష్టం కలిగించేవి. ప్రభుత్వ టంకసాలలో ముద్రించిన హాలీ సిక్కా రూపాయి ఆ దోపిడిని అరికట్టింది. ఇవన్నీ నేడు మనకు సామాన్య విషయాలుగా తోచవచ్చు. కాని జీతం పుచ్చుకొనే ఉద్యోగి ప్రభుత్వానికి జవాబుదారి, వాటా పుచ్చుకొనే గుత్తదారు తన లాభానికే జవాబుదారి. ఈ భేదాన్ని పాలనలో స్థాపించడమే ఆయన గావించిన నిజమైన విప్లవం.

1857 తిరుగుబాటు కాలంలో ఆయన ఆంగ్లేయుల పక్షం వహించారు. దానిని నేడు అందరూ మెచ్చుకోరు. 1860లో రాయచూరు దోఆబు, ధారాశివ్ తిరిగి వచ్చాయి. సుమారు 50 లక్షల బాకీ రద్దయింది. బేరారు మాత్రం రాలేదు. బేరారు నల్లరేగడి నేలలో పండే పత్తి మాంచెస్టరు మిల్లులకు అవసరమైనది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం ఆరంభమై అక్కడి పత్తి ఆగిపోగా ఆ నేల విలువ ఇంకను పెరిగింది. బొంబాయి నుండి బేరారు మీదుగా వేసిన రైలుమార్గం 1867లో నాగపూరు చేరింది. దళం ఖర్చుకు సరిపడే వడ్డీ నిచ్చేటంత మూలధనాన్ని డిపాజిట్టుగా ఉంచుతాము, బేరారును మాకు ఇవ్వండని సాలార్ జంగ్ కోరినను కలకత్తా ప్రభుత్వం అంగీకరించలేదు. 1876లో ఆయన ఇంగ్లండు వెళ్ళారు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం గౌరవ పట్టం ఇచ్చింది, లండను విందులు చేసింది. బేరారును మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఇక రైలుబండి కథ. 1870లో కుదిరిన ఒప్పందం ప్రకారం వాడి నుండి హైదరాబాదు, సికిందరాబాదులకు నిర్మించిన మార్గం 1874 అక్టోబరులో ప్రారంభమైంది. కంటోన్మెంటుకు సైన్యం, సామగ్రి త్వరగా చేరడం ఆంగ్ల ప్రభుత్వానికి ముఖ్యం. ఖర్చు నిజాం ప్రభుత్వానిది. నిర్మాణం, నిర్వహణల మీద అధికారం ఆంగ్ల ప్రభుత్వానిది. తొలి సంవత్సరాలలో రాబడి పెట్టుబడికి తగినంత రాలేదు. ఆ భారం తగ్గించుకొనడానికి, మార్గాన్ని పొడిగించడానికి లండను ధనికులతో సంప్రదింపులు మొదలయ్యాయి. ఇవి సాలార్ జంగ్ జీవితకాలంలోనే ఆరంభమైనవన్న సత్యాన్ని మేము దాచజాలము. 1883 ఫిబ్రవరి 8న ఆయన ఆకస్మికంగా కలరాతో మరణించారు. ఆ ఏడాది డిసెంబరులో ఒప్పందం పూర్తయి నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది.

ఆ పేరులోని గ్యారంటీ అను మాటను విద్యార్థులు గమనించాలి. రైలు లాభం గడించినా, గడించకున్నా వాటాదారులకు ఇరవై ఏళ్ళపాటు సాలుకు 5 శాతం వడ్డీ ప్రభుత్వం పూచీ. కోటి రూపాయల మూలధనమైతే ఏటా అయిదు లక్షలన్నమాట. లాభం తప్పక వచ్చునప్పుడు పొదుపుగా కట్టవలసిన అక్కర కంపెనీకి తగ్గుతుంది. రైలు ఎక్కని రైతు సైతం శిస్తు రూపంలో దాని ఖర్చు భరిస్తాడు. ఏ సాహుకారును సాలార్ జంగ్ తాలూకాల నుండి తొలగించారో, ఆ సాహుకారే కొత్త దుస్తులు ధరించి రైలు ఇంజనుతో తిరిగి వచ్చాడని మాకు తోస్తుంది.

దీనిని ఆనాడే ప్రశ్నించినవారున్నారు. సరోజినీ నాయుడు తండ్రియైన అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం మొదలగువారు చాందా రైల్వే పథకపు షరతులు ప్రజల ముందుంచాలని కోరారు. ఫలితంగా 1883 మే నెలలో అఘోరనాథులు రాజ్యం నుండి బహిష్కృతులైనారు. తదుపరి 1886లో గనుల హక్కు లండను వ్యాపారుల పరమైంది. ఒప్పందం కుదిర్చిన ఉన్నతోద్యోగి అబ్దుల్ హఖ్‌కు ఆ కంపెనీ వాటాలతో ప్రమేయం ఉన్నదని తెలియగా 1888లో ఆయనను విధుల నుండి తొలగించారు. ఆ వ్యవహారం మీద లండను పార్లమెంటు సంఘం విచారణ జరిపింది. రైలుమార్గం 1889లో బెజవాడ చేరింది, సింగరేణి బొగ్గు కదిలింది. నేటికీ మనం ఆ దారినే ప్రయాణిస్తున్నాము. రైల్వేను నిజాం ప్రభుత్వం తిరిగి కొనుగోలు చేసింది 1930లో. అనగా మన దారి మనది కావడానికి అర్ధశతాబ్దం పట్టింది.

సాలార్ జంగ్ ధనానికి శత్రువు కారు. కొత్త యంత్రాలకు అంతకన్న కారు. అప్పు తీసికొనడం వేరు, లెక్కల పుస్తకం అప్పగించడం వేరు అని తెలిసిన పాలకుడాయన. శిస్తు విషయంలో ఆ రెంటిని వేరుచేయగలిగారు. రైలు విషయంలో, పైనున్న సార్వభౌమాధికారపు ఒత్తిడిలో, చేయలేకపోయారు. ఆయన మొదటి పనిలో ప్రజల మేలు బయటికి కనిపిస్తుంది. రెండవదానిలో షరతులు ప్రజలకు తెలియకుండా మరుగునపడ్డాయి. రేపు ఉద్యోగాలలో, వ్యాపారాలలో, శాసనసభలలో ప్రవేశించనున్న మన విద్యార్థులు ఏ వంతెన, ఏ గని, ఏ యంత్రం విషయంలోనైనా దాని వేగాన్ని చూసి ముగ్ధులు కావడానికి ముందు, దానికి పూచీ ఎవరు, లాభం ఎవరిది, నష్టం ఎవరిది, షరతులు చదివినదెవరు అని అడుగగలిగితే, దాయిరా మీర్ మోమిన్‌లో నిద్రించుచున్న ఆ మహామంత్రికి అంతకు మించిన నివాళి ఉండబోదని మా విశ్వాసం.