బీర్బల్ సహాని

బీర్బల్ సహాని (1891 నవంబరు 14 - 1949 ఏప్రిల్ 10) భారతదేశంలో పురావృక్షశాస్త్రానికి పునాది వేసిన శాస్త్రవేత్త, అధ్యాపకుడు. శిలాజాలుగా మిగిలిన ప్రాచీన వృక్షాలను పరిశీలించే ఈ శాస్త్రం పురాజీవశాస్త్రంలో ఒక శాఖ. వృక్షశాస్త్రానికీ భూగర్భశాస్త్రానికీ నడుమ ఉన్న ఈ విషయానికి విశ్వవిద్యాలయ బోధనలో స్థానం కల్పించటానికి ఈయన జీవితాంతం కృషి చేశాడు.

బాల్యము, విద్యాభ్యాసము

సహాని ప్రస్తుతం పాకిస్తాన్‌లో ఉన్న భేరా పట్టణంలో జన్మించాడు. తండ్రి రుచిరాం సహాని లాహోరు ప్రభుత్వ కళాశాలలో రసాయనశాస్త్ర ఆచార్యుడు. ఆయన సామాన్య ప్రజలకు విజ్ఞానశాస్త్ర విషయాలపై ఉపన్యాసాలిచ్చేవాడు, పిల్లలను హిమాలయ పర్వతయాత్రలకు వెంట తీసుకొని వెళ్ళేవాడు. సహాని లాహోరులో పట్టభద్రుడై 1911లో కేంబ్రిడ్జిలోని ఇమ్మాన్యుయేల్ కళాశాలలో చేరాడు. అక్కడ ఆచార్య సీవార్డ్ వద్ద శిలాజవృక్షాలపై పరిశోధన చేశాడు. లాసన్ రచించిన వృక్షశాస్త్ర పాఠ్యగ్రంథాన్ని భారతీయ విద్యార్థులకు అనువుగా సవరించటంలో పాలుపంచుకున్నాడు. 1919లో లండన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొంది స్వదేశానికి తిరిగివచ్చాడు.

అధ్యాపకునిగా

కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోను, లాహోరులోను కొద్దికాలం పనిచేసిన పిమ్మట 1921లో లక్నో విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర శాఖకు అధిపతి అయ్యాడు. 1936లో లండన్ రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికయ్యాడు. 1943లో లక్నోలో భూగర్భశాస్త్ర శాఖ ఏర్పడినపుడు దాని బాధ్యతను కూడా స్వీకరించాడు. రాతిని చదవటం తెలియని వృక్షశాస్త్ర విద్యార్థికీ, మొక్కను గుర్తించలేని భూగర్భశాస్త్ర విద్యార్థికీ శిలాజం సగమే అర్థమవుతుంది. రెండు శాఖలూ ఒకే అధ్యాపకుని ఆధ్వర్యంలోకి రావటం వలన ఆ లోటు తీరే అవకాశం కలిగింది.

పరిశోధనలు

వృక్షశిలాజం సాధారణంగా సమగ్రంగా లభించదు. ఆకు ఒకచోట, కాండం వేరొకచోట, ఫలం మరొకచోట దొరుకుతాయి. ఒకే మొక్క భాగాలకు వేర్వేరు పేర్లు కూడా ఏర్పడి ఉంటాయి. బీహారు రాజమహల్ కొండలలో లభించిన ఇటువంటి భాగాలను సరిపోల్చి 1932లో విలియంసోనియా సెవార్డియానా అనే ప్రాచీన వృక్షం రూపాన్ని సహాని పునర్నిర్మించాడు (ఆ కొండలు ఇప్పుడు జార్ఖండ్‌లో ఉన్నాయి). 1948లో పెంటాక్సిలీ అనే కొత్త వివృతబీజ వర్గాన్ని వివరించాడు. అసంపూర్ణమైన ఆధారాల నుండి జాగ్రత్తగా నిర్ణయానికి రావటం పురాజీవశాస్త్రం విద్యార్థికి నేర్పే ముఖ్యమైన పాఠం.

తెలుగునాట శిలాజాలు

నెల్లూరు జిల్లా పశ్చిమాన ఉన్న దుత్తలూరు, ఉదయగిరి ప్రాంతాల శిలలు నేలపై మొక్కలు పుట్టకముందే ఏర్పడిన అతి ప్రాచీన శిలలు. కనుక అక్కడి విద్యార్థికి తన ఊరి రాళ్ళలో ఆకు ముద్రలు కనిపించవు. కాని తూర్పున ఒంగోలు సమీపంలోని వేమవరం పలకరాళ్ళలో రాజమహల్ కొండలలోని వాటిని పోలిన టైలోఫిల్లం ఆకు ముద్రలు ఉన్నాయి. ఫైస్ట్‌మాంటెల్ 1879లోనే ఈ తీరప్రాంత శిలాజాలను వర్ణించాడు. ఒకే రకం ఆకు దూరదూరంగా ఉన్న రెండు చోట్ల కనిపిస్తే ఆ శిలల వయసులను పోల్చి చూడవచ్చునని విద్యార్థి దీనివలన గ్రహించగలడు.

రాజమండ్రి సమీపంలో కాతేరు, పంగిడి వద్ద లావా పొరల నడుమ శిలాజాలున్న పొరలు ఉన్నాయి. 1930వ దశకంలో ఎస్.ఆర్.నారాయణరావు, కె.శ్రీపాదరావు వీటిలోని కారా జాతి శైవలాలను అధ్యయనం చేశారు. దక్కను లావా పొరలు తృతీయ మహాయుగానికి చెందినవని సహాని వాదించాడు. 1940లో మద్రాసులో జరిగిన భారత సైన్స్ కాంగ్రెసులో అధ్యక్షోపన్యాసానికి ఆయన ఎంచుకున్న విషయం ఇదే. ఆ లావా క్రిటేషియస్ యుగాంతంలో వెలువడటం మొదలై తృతీయ మహాయుగ ఆరంభం వరకు కొనసాగిందనీ, దాని వయసు సుమారు 6.6 కోట్ల సంవత్సరాలనీ ఇప్పటి కొలతలు తెలుపుతున్నాయి.

వివాదం

పంజాబు లవణ పర్వతశ్రేణిలోని ఉప్పు పొరలలో కనిపించిన సూక్ష్మ వృక్షావశేషాలను బట్టి అవి ఇయోసీన్ యుగానికి చెందినవని 1940వ దశకంలో సహాని ప్రతిపాదించాడు. క్షేత్ర పరిశీలన చేసిన భూగర్భశాస్త్రజ్ఞులు దీనిని అంగీకరించలేదు. ఆ పొరలు 50 కోట్ల సంవత్సరాలకు పైబడినవని తరువాత తేలింది. ఎంత పేరుపొందిన పండితుని నిర్ణయమైనా సాక్ష్యానికి లోబడవలసిందే. శాస్త్రపద్ధతిని బోధించటానికి సహాని విజయాలతో పాటు ఈ ఉదంతం కూడా ఉపయోగపడుతుంది.

సంస్థ స్థాపన, మరణం

1946 సెప్టెంబరు 10న లక్నోలో పురావృక్షశాస్త్ర సంస్థ ఏర్పడింది. సహాని దంపతులు తమ ఆస్తిని, గ్రంథాలను, శిలాజ సేకరణలను దీనికి సమర్పించారు. 1949 ఏప్రిల్ 3న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ సంస్థ భవనానికి శంకుస్థాపన చేశాడు. ఆ పునాదిరాయిలో వివిధ యుగాల శిలాజాలు పొదగబడి ఉన్నాయి. తరువాత వారం రోజులకే సహాని గుండెపోటుతో మరణించాడు. ఆయన భార్య సావిత్రి సహాని సంస్థ నిర్మాణ బాధ్యతను కొనసాగించింది. 1953 జనవరిలో భవన ప్రారంభోత్సవం జరిగింది. 2015 నుండి ఈ సంస్థ బీర్బల్ సహాని పురాశాస్త్రాల సంస్థగా వ్యవహరింపబడుతున్నది.