ఒంటి మీద ఎదురీదే చేప: కునియోషి గీతలు

జపాన్ పచ్చబొట్టు అనగానే చాలామందికి గుర్తొచ్చేది వీపు మీద నీటిసుడుల్లో ఎదురీదుతున్న కోయి చేప. దాని కథ చైనాది. పసుపు నదిలో ప్రవాహానికి ఎదురీది, డ్రాగన్ ద్వారం అనే జలపాతాన్ని ఎక్కగలిగిన చేప డ్రాగన్‌గా మారుతుందని అక్కడి ఐతిహ్యం. ఆ కథ బొమ్మగా మారి మనుషుల ఒంటి మీదికి చేరడంలో ఉతగావా కునియోషి చేయి చాలా పెద్దది.

ఆయన 1797 చివర్లో ఎదోలో, అంటే నేటి టోక్యోలో, పట్టుబట్టలకు రంగులద్దే ఇంట పుట్టాడు. పదిహేనేళ్లయినా నిండకముందే అప్పటి ప్రముఖ చిత్రకారుడు తొయొకుని దగ్గర శిష్యుడిగా చేరాడు. పని నేర్చుకున్నాడు కానీ పేరు రాలేదు. బొమ్మలు అమ్ముడుపోక, పూట గడవడానికి పాత చాపలు అమ్మాడని చెబుతారు.

1827 ప్రాంతంలో దశ తిరిగింది. అవినీతి అధికారుల మీద తిరగబడిన 108 మంది బందిపోటు వీరుల చైనా నవలను తీసుకుని, ఒక్కొక్కరినీ ఒక్కో బొమ్మగా గీయడం మొదలుపెట్టాడు. నవలలో పచ్చబొట్లున్న వీరులు కొద్దిమందే. కునియోషి మాత్రం ఇంకా చాలామంది ఒళ్లను డ్రాగన్లతో, పులులతో, పూలతో నింపేశాడు. నగరం ఊగిపోయింది. అగ్నిమాపక దళాల వాళ్లు, కూలీలు, పల్లకీ బోయీలు అవే బొమ్మలు పొడిపించుకున్నారు. చెక్కను చెక్కడానికీ చర్మాన్ని పొడవడానికీ జపనీయులు వాడే క్రియ ఒకటే కావడం వట్టి కాకతాళీయం కాదు.

కోయి చేపను ఆయన వేరేచోట పట్టుకున్నాడు. బాలుడైన ఒనివకమారు, అంటే తర్వాతి కాలపు యోధసన్యాసి బెంకెయి, తనకన్నా పెద్ద చేపతో నీటిలో తలపడే దృశ్యాన్ని గీశాడు. నేటికీ పచ్చబొట్టు కళాకారులు దాన్ని వదలలేదు.

1842లో తెన్‌పో సంస్కరణల దెబ్బ బొమ్మలకూ తగిలింది. నటుల బొమ్మలు, వేశ్యల బొమ్మలు నిషేధం. మరుసటి ఏడాది కునియోషి పాత పురాణగాథ పేరుతో ఒక చిత్రం వేశాడు: జబ్బుపడ్డ దొర, చుట్టూ దయ్యాల గుంపు. ఆ దొర షోగునే అని, ఆ దయ్యాలు సంస్కరణల దెబ్బ తిన్న జనమే అని ఎదో వాసులు ఇట్టే పోల్చుకున్నారు. భయపడిన ప్రచురణకర్త మిగిలిన ప్రతులను వెనక్కి తీసుకుని, అచ్చుపలకలను నాశనం చేశాడు. చిత్రకారుడు మాత్రం శిక్ష తప్పించుకున్నాడు. పిల్లులంటే ప్రాణం పెట్టే ఈ మనిషి, నటులను గీయొద్దంటే పిల్లులకు నటుల ముఖాలు తగిలించిన ఘనుడు కూడా.

1861లో కన్నుమూశాడు. పదకొండేళ్లకే, 1872లో, మెయిజీ ప్రభుత్వం పాశ్చాత్యుల ముందు నామోషీ అని పచ్చబొట్టును నిషేధించింది. 1948 దాకా ఆ నిషేధం కొనసాగింది. అదే నిషేధం అమల్లో ఉండగా 1881లో జపాన్ వచ్చిన ఒక బ్రిటిష్ రాకుమారుడు చేతి మీద డ్రాగన్ పొడిపించుకుని వెళ్లాడు. 1911 ఢిల్లీ దర్బారులో భారత చక్రవర్తిగా కూర్చున్న అయిదో జార్జి ఆయనే.