మూసీ ఒడ్డున ఎష్ దొర కట్టిన కళాశాల

ఏలూరు పట్టణంలో కృష్ణ నీరు తెచ్చే కాలువ, గోదావరి నీరు తెచ్చే కాలువ ఒకదానినొకటి కలుసుకొంటవి. ఆ కృష్ణ నీటిలో హైదరాబాదు మీదుగా వచ్చిన మూసీ నీరు కూడా కొంత కలిసియే ఉన్నది. వాడపల్లి వద్ద మూసీ కృష్ణలో సంగమించుచున్నది గదా. బుడమేరు, తమ్మిలేరు ఒక్కుమ్మడిగా పొంగి కొల్లేటిమీద పడినప్పుడు లంకగ్రామాలవారి పాట్లు ఎట్టివో మన ప్రాంతంవారికి చెప్పనక్కరలేదు. అట్టి జలప్రళయమే 1908 సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదును ముంచినది. సుమారు 15,000 మంది ప్రాణాలు కోల్పోయినారు. అఫ్జల్‌గంజి ఆసుపత్రి కొట్టుకొనిపోయినది. అక్కడి చింతచెట్టు నెక్కి నూటయాభైమంది వరకు బ్రతికి బయటపడినారని ప్రసిద్ధి.

ఇంత చేటు చేసిన ఏటిగట్టుననే మరల రాతికట్టడాలు లేపవలెనని ప్రభుత్వం నిశ్చయించినది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాననుసరించి ఎగువన జలాశయాలు తలపెట్టినారు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. ఇక కావలసినవాడు, రాయిని మాట్లాడించగల వాస్తుశిల్పి. అట్లు వచ్చినవాడే విన్సెంట్ జెరోమ్ ఎష్.

ఎష్ 1876లో జన్మించిన ఆంగ్లేయుడు. ఇరవైమూడేండ్ల ప్రాయంలో, 1899లో, బెంగాల్ నాగపూర్ రైల్వేలో సహాయ ఇంజనీరుగా పనిచేసినాడు. మన వాల్తేరును కలకత్తాతో కలిపిన రైలుదారి ఆ కంపెనీదే. పెద్ద కట్టడాల బరువు పునాదిమీద ఎట్లు నిలుచునో ఆయన అక్కడ నేర్చినాడు. కలకత్తాలో విక్టోరియా మహారాణి స్మారకమందిరానికి నమూనా గీసిన విలియం ఎమర్సన్ ఈ యువకుని పనితనం గుర్తించి తనకు సహాయకునిగా తీసికొన్నాడు. పునాదులను మార్చి రూపొందించినది, ఉత్తరపు వంతెనను, తోట ద్వారాలను తీర్చినది ఎష్. అయినను ఆ పాలరాతి మందిరాన్ని తలచినప్పుడు లోకం చెప్పునది ఎమర్సన్ పేరే. కష్టం ఒకరిది, కల్పన మరొకరిది. ఎంతటి సమర్థునికైనా ఈ రెండవ స్థానం కొంత వెలితిగానే ఉండును.

1914లో ఆయన నిజాం కొలువుకు వచ్చినాడు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కి అప్పటికి మూడేండ్లు. 1916లో కాచిగూడ రైలుస్టేషను లేచినది. మూసీ దక్షిణపు గట్టున హైకోర్టు పని 1915లో ఆరంభమై, 1920లో ప్రారంభోత్సవం జరిగినది. కాని అక్కడను అదే కథ. ఆ నమూనా జయపురానికి చెందిన శంకర్‌లాల్‌ది. దానిని రాతిలో నిలిపే బాధ్యత మాత్రం ఎష్‌ది. మరల రెండవ పేరే.

ఆ హైకోర్టు పక్కనే విద్యార్థుల కోసం కట్టినది సిటీ హైస్కూలు భవనం. ఇది ఎష్ స్వయంగా ఊహించినది. తన చిత్రం, తన గోడ. హిందూ మహమ్మదీయ వాస్తురీతులను పాశ్చాత్య నిర్మాణ పద్ధతితో మేళవించిన ఇండో సారసెనిక్ శైలి దీనిది. కొనదేరిన కమానులు, గోడనుండి ముందుకు చొచ్చుకొని వచ్చిన ఝరోకాలు, చిన్న గుమ్మటాలు దాల్చిన బురుజులు చూడగానే ఇది చార్మినారు పుట్టిన ఊరి బిడ్డయే అనిపించును. ఝరోకా కేవలం అలంకారం కాదు. పైకి గవాక్షం, క్రిందికి నీడ. ఎండ నేరుగా గదిలోనికి దూకదు, గాలి మాత్రం వచ్చును. వేసవిలో పాఠం చెప్పుకొనే బాలురకు ఇంతకన్న ఉపకారమేమి? పరదేశి ఒకడు ఈ ఎండను, ఈ గాలిని ఇంతగా ఎరిగినాడంటే, ఊరిని కన్ను తెరచి చూచినాడన్నమాట.

1921లో పాఠశాల ఈ భవనంలోనికి వచ్చినది. ఆ ఏడే ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఇంటర్మీడియట్ తరగతులు కూడ చేరినవి. 1929లో ఇది సిటీ కళాశాల అయినది. ఉర్దూ మహాకవి మఖ్దూం మొహియుద్దీన్ ఇక్కడ అధ్యాపకుడుగా ఉండెను. నిజాం ధనంతో లేచిన గోడలలో పాఠం చెప్పిన ఆ కవియే తరువాత నిజాం ప్రభుత్వాన్ని ఎదిరించినాడు. గోడ ఎవరు కట్టించిననేమి, అందులో పెరిగే ఆలోచనకు యజమాని ఉండడు.

ఎదుటి గట్టున ఎష్ కట్టిన ఉస్మానియా ఆసుపత్రి పాతభవనంలోనికి 2020 జూలైలో వాననీరు చొరబడగా దానిని ఖాళీ చేయించినారు. వరదకు సమాధానంగా లేచిన భవనం నీటివలననే మూతపడినది. కళాశాలలో మాత్రం నేటికిని పిల్లలు చదువుకొనుచున్నారు.

ఎష్ 1950లో కన్నుమూసినాడు. ఒక్క విషయం తలపుకు తెచ్చుకొనవలెను. కలకత్తా మందిరం ప్రారంభమైనది 1921 డిసెంబరులో. ఈ బడి తలుపులు తెరచినదీ ఆ సంవత్సరమే. ఒకటి మహారాణి స్మృతికై పాలరాతి కొండ, ఎమర్సన్ కీర్తి. రెండవది పేద, ధనిక బాలురు పలకాబలపాలతో ఎక్కివచ్చిన మెట్లు. ఆ రెండింటిలో ఆయనకు తనదని చెప్పుకొనదగినది ఈ మెట్లే. వాటినెక్కే పిల్లలకు ఆయన పేరు తెలియకపోవచ్చును; ఝరోకా నీడ మాత్రం వారిమీద పడుచునే ఉన్నది.