కొమర్రాజు వారి గ్రంథమాల

1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికామండలి వెలసేనాటికి తెలుగు మాత్రమే తెలిసిన చదువరికి పురాణములకు, కావ్యములకు కొదవ లేదు. ప్రకృతిశాస్త్రములు, పరదేశపు మహాపురుషుల చరిత్రలు తెలిసికొనగోరితే మాత్రము చాలవరకు ఇంగ్లీషే శరణ్యము. ఆ లోటు తీర్చ పూనుకొన్నవారిలో ముఖ్యులు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు.

1877లో పెనుగంచిప్రోలులో పుట్టిన ఆయన పసితనమందే తండ్రిని కోల్పోయి, అక్క బండారు అచ్చమాంబ అండన నాగపూరులో చదువుకొన్నారు. అక్కడనే మరాఠీ పట్టుబడింది. తమ్మునితోపాటు అక్షరములు దిద్దుకొన్న ఆ అక్కయు తరువాత రచయిత్రి అయినది.

మండలి తొలి ప్రచురణ గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్ర. పిమ్మట శాస్త్రగ్రంథములు, దేశచరిత్రలు, నవలలు వరుసగా వచ్చినవి. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ఈ మాలలోనిదే. నవలకై చేయి చాచినవానికి పక్కనే జీవశాస్త్రము కనబడుతుంది. లక్ష్మణరావుగారి అసలైన నేర్పు ఇదేననవచ్చును. మునగాల సంస్థానపు దివానుగిరీ నిర్వహిస్తూనే ఆయన ఇంత పని చేసినారు. 1908లో మండలి మద్రాసుకు తరలినది.

అంతటితో తృప్తి పడక ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొన్నారు. అంకగణితము, అర్థశాస్త్రము, అలంకారములు, అన్నియు అందులో చేరవలె! అది ఒక జీవితకాలమునకు లొంగే పని కాదు. మూడు సంపుటములు వెలువడినవి గాని అక్షరక్రమము తొలి అక్షరముల వద్దనే నిలిచిపోయినది. 1923 జూలై 12న, 46వ యేట, ఆయన మద్రాసులో కన్నుమూసినారు. ఆ సంపుటములను కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు తరువాత మరల చేపట్టినారు.